మొదటి స్టాంపుల పత్రిక ఏది? బాత్ నుంచి వచ్చిన 'స్టాంప్ కలెక్టర్స్ మ్యాగజైన్' చరిత్ర

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 1863లో ఇంగ్లండ్‌లో మొదలైన 'ది స్టాంప్ కలెక్టర్స్ మ్యాగజైన్' సంపుటాల స్కాన్లు మీకు దొరికాయి, ప్రపంచంలో మొదటి స్టాంపుల పత్రిక ఇదేనా? నడిపింది స్టాంపులు అమ్ముకునే వ్యాపారులే కదా, మరి అందులో రాసినదాన్ని ఎంతవరకు నమ్మాలి? ఆ తర్వాత ఆ పత్రిక ఏమైంది? మూడింటికీ కలిపే జవాబు చెబుతాను. రెండో ప్రశ్న తేలితే గానీ మిగతా రెండూ సరిగ్గా అర్థం కావు.

తేదీల ప్రకారం చూస్తే ఇది మొదటిది కాదు. అయితే స్టాంపుల పత్రిక అంటే ఎలా ఉండాలో ఒక రూపం ఇచ్చి, పన్నెండేళ్ళు నిలబడి, తర్వాత వచ్చినవాళ్ళందరికీ దారి చూపిన పత్రిక ఇదే. నమ్మకం సంగతికొస్తే, దీన్ని వ్యాపారులు పెట్టారన్నది నిజం, సరుకు అమ్ముకోవడానికే పెట్టారన్నదీ నిజం. కానీ ఆ పేజీల్లో పాఠకులు, వ్యాపారులు, పరిశోధకులు ఒకరి మాటను ఒకరు సరిదిద్దుకుంటూ పోయారు. ఈ పత్రిక విలువ ఆ దిద్దుబాట్లలోనే ఉందని నా అభిప్రాయం. ఒక్క సంచిక తీసుకుని చదివితే వ్యాపార కరపత్రంలా కనిపిస్తుంది. పన్నెండు సంపుటాలూ వరసగా చదివితే ఒక విద్య పుట్టడం కనిపిస్తుంది.

ముందు ఆ కాలం సంగతి చూద్దాం. మొదటి తపాలా బిళ్ళ పెన్నీ బ్లాక్ 1840 మే 1న అమ్మకానికి వచ్చింది, మే 6 నుంచి చెల్లుబాటు కావాలి. మొదటి స్టాంపుల పత్రిక మాత్రం 1862 దాకా రాలేదు. ఇరవై రెండేళ్ళు ఎందుకు పట్టింది? మొదటి పదేళ్ళలో స్టాంపులు వేసిన దేశాలు చాలా తక్కువ, సేకరించడానికి పెద్దగా ఏమీ లేదు. 1850ల చివరికి యూరప్‌లో దాదాపు అన్ని రాజ్యాలూ, సముద్రాల అవతలి వలసలూ స్టాంపులు వేయడం మొదలుపెట్టాయి. ఇక ఏ దేశం ఎప్పుడు ఏ రంగులో ఏ విలువకు బిళ్ళ వేసిందో ఒక మనిషి గుర్తుపెట్టుకోవడం కష్టమైంది.

రెండో కారణాన్ని చాలామంది పట్టించుకోరు. బ్రిటన్‌లో పత్రికల నెత్తిన మూడు పన్నులు ఉండేవి. ప్రకటనల మీద పన్ను 1853లో పోయింది. వార్తాపత్రికల మీది స్టాంపు పన్ను 1855లో తప్పనిసరి కాకుండా పోయింది. చివరికి 1861లో కాగితం సుంకం కూడా తీసేశారు. దాంతో ఒక చిన్న ఊళ్ళో చిన్న వ్యాపారి కూడా నెలకో పత్రిక అచ్చు వేయించుకోగలిగాడు. కాగితం సుంకం పోయిన మరుసటి ఏడాదే స్టాంపుల పత్రికలు పుట్టుకొచ్చాయంటే కాకతాళీయం అనుకోలేం.

1862 వసంతంలో లండన్‌లో లాంబార్డ్ స్ట్రీట్ పక్కనున్న బర్చిన్ లేన్‌లో కుర్రాళ్ళు, గుమాస్తాలు, పెద్దమనుషులు ఆల్బమ్‌లు చేతబట్టుకుని సాయంత్రాలు గుమిగూడి స్టాంపులు మార్చుకునేవాళ్ళు. దారికి అడ్డంగా ఉన్నారని పోలీసులు వాళ్ళను చెదరగొట్టేవాళ్ళు. కాస్త పద్ధతిగా కలవాలనుకున్న పెద్దవాళ్ళు శనివారాల్లో ఆల్ హాలోస్ స్టెయినింగ్ చర్చి ఫాదర్ ఎఫ్.జె. స్టెయిన్‌ఫోర్త్ ఇంట్లో చేరేవాళ్ళు. అప్పటిదాకా వచ్చిన స్టాంపులను వరసగా చెప్పే మౌంట్ బ్రౌన్ క్యాటలాగ్ 1862లో వచ్చింది, దానికి సమాచారం చాలావరకు ఆ శనివారాల కబుర్ల నుంచే అందింది. కానీ క్యాటలాగ్ అచ్చయిన రోజు నుంచే పాతబడుతుంది. కొత్తగా వచ్చిన బిళ్ళ సంగతి ఈ నెలలోనే తెలియాలంటే ప్రతి నెలా వచ్చేది ఒకటి కావాలి. పత్రిక అవసరం అక్కడ పుట్టింది.

ఇప్పుడు 'మొదటిది' అన్న లెక్క. 1862 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లో 'మంత్లీ ఇంటెలిజెన్సర్ అండ్ కాంట్రవర్షలిస్ట్' అనే పత్రిక వచ్చింది. స్టాంపులకు అందులో ఒక భాగం మాత్రమే ఉండేది. అదే ఏడాది డిసెంబరు 15న లివర్‌పూల్‌లో ఎడ్వర్డ్ మూర్ అండ్ కంపెనీ 'ది మంత్లీ అడ్వర్టైజర్' తెచ్చింది. తర్వాతి సంచికకే దాని పేరు 'స్టాంప్ కలెక్టర్స్ రివ్యూ అండ్ మంత్లీ అడ్వర్టైజర్' అయింది. పూర్తిగా స్టాంపుల కోసమే వచ్చిన మొదటి పత్రిక అంటే దీన్నే చెబుతారు, అలా చెప్పడం సరైనదే. 1864 జూన్‌తో అది ఆగిపోయింది. మీ పత్రిక తొలి సంచిక 1863 ఫిబ్రవరి 1న బాత్ నగరం నుంచి వచ్చింది. సరిగ్గా రెండు వారాలకు, ఫిబ్రవరి 15న, బ్రస్సెల్స్‌లో జాన్ బాప్టిస్ట్ మోయెన్స్ అనే స్టాంపుల వ్యాపారి ఫ్రెంచి భాషలో 'ల తెంబ్ర్ పోస్త్' మొదలుపెట్టారు. మే 1న లీప్‌జిగ్ నుంచి జర్మన్ భాషలో ఇంకొకటి వచ్చింది. ఆర్నెల్లు తిరక్కుండా మూడు భాషల్లో పత్రికలు వచ్చాయంటే వీళ్ళందరూ ఒకే అవసరానికి ఎవరికి వారే స్పందించారన్నమాట. అందుకే 'ఎవరు ముందు' అన్న పందెం కన్నా ఎవరు నిలబడ్డారన్న ప్రశ్నే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. మోయెన్స్ పత్రిక 1900 దాకా నడిచింది, బాత్ పత్రిక 1874 దాకా.

బాత్ ఎందుకు అంటే, స్టాఫర్డ్ స్మిత్, ఆల్ఫ్రెడ్ స్మిత్ అనే సోదరుల స్టాంపుల వ్యాపారం అక్కడ ఉండేది కాబట్టి. (ఇదే బాత్ నుంచి 1840 మే 2న, అంటే అధికారిక తేదీకి నాలుగు రోజుల ముందే, పెన్నీ బ్లాక్ అంటించిన ఉత్తరం ఒకటి పోస్టయింది. ఇప్పటిదాకా తెలిసిన తొలి ఉత్తరాల్లో అదొకటి. స్మిత్ సోదరులకు దీనితో ఏ సంబంధమూ లేదు, కానీ ఆ ఊరిపేరు కనబడ్డప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.) సంపాదకుడిగా వాళ్ళు ఎంచుకున్నది డాక్టర్ చార్లెస్ విలియమ్ వైనర్‌ని. 1812లో పుట్టిన మనిషి, పత్రిక మొదలయ్యేనాటికి యాభై దాటాయి. స్టెయిన్‌ఫోర్త్ ఇంట్లో శనివారాలు కూర్చునే బృందంలో ఆయనా ఒకరు. ఈ ఎంపిక చాలా తెలివైనది. స్టాంపులు పిల్లలాట అని లోకం నవ్వుతున్న రోజుల్లో, చదువుకున్న పెద్దాయన పర్యవేక్షణలో పత్రిక వస్తోందంటే దానికి గౌరవం దక్కుతుంది. వైనర్ 1906 దాకా బతికారు. 1921లో ఈ రంగంలోని ప్రముఖుల గౌరవ పట్టిక మొదలైనప్పుడు అందులో తొలితరం పితామహుల వరసలో ఆయన పేరు కూడా చేర్చారు.

సంచికలో ఏముండేదో మీరే చూస్తారు గానీ, వేటి మీద మనసు పెట్టాలో చెబుతాను. అన్నిటికన్నా ముఖ్యమైనది కొత్తగా వచ్చిన స్టాంపుల శీర్షిక. అప్పటిదాకా ఏ క్యాటలాగ్‌లోనూ చేరని పాత బిళ్ళల్ని కూడా అందులోనే వర్ణించేవాళ్ళు. వలసల్లో పనిచేసే అధికారులు, ఓడల మీద తిరిగేవాళ్ళు, విదేశాల్లో ఉన్న బంధువులు పంపిన ఉత్తరాల మీది బిళ్ళలు చూసి పాఠకులు రాసిన సంగతులే దానికి ఆధారం. దాని తర్వాత పాఠకుల ఉత్తరాలకు జవాబులు. ఇవి కాక పుస్తక సమీక్షలు, చిట్టిపొట్టి వార్తలు, ఒక దేశం స్టాంపుల మీద నెలనెలా సాగే వ్యాసాలు ఉండేవి. బొమ్మలన్నీ చెక్క మీద చేత్తో చెక్కి అచ్చువేసినవే. చెక్కేవాడి చెయ్యి ఎంత నేర్పరిదైనా అసలు బిళ్ళలోని సన్నని గీతలన్నీ అందులోకి రావు. అందుకని ఆ బొమ్మను చూసి రకం తేల్చకండి, కింద రాసిన వర్ణనే చదవండి.

రాసినవాళ్ళలో ఒకరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 'హెర్బర్ట్ కమోయెన్స్' అనే పేరు మీకు ఆ సంపుటాల్లో తగులుతుంది. ఆ మగపేరు వెనక ఉన్నది ఆడెలైడ్ లూసీ ఫెంటన్ అనే మహిళ. స్టాంపుల మీద గట్టిగా రాసిన తొలి మహిళా రచయితల్లో ఆమె ఒకరు. ఆ పేరు కింద ఉన్నవన్నీ వెతికి ఒక్కచోట పెట్టుకుని చదవండి. పత్రిక పాఠకుల్లోంచే రచయితల్ని ఎలా తయారుచేసుకుందో చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక నమ్మకం విషయం. స్మిత్ సోదరులకు పత్రిక ఎందుకు కావాలో దాచాల్సిన అవసరం లేదు. ఫలానా దేశం కొత్త బిళ్ళ వేసిందని ఈ నెల రాస్తే, ఆ బిళ్ళ కావాలని అడిగేవాళ్ళు వచ్చే నెలకల్లా తయారవుతారు, అది అమ్మేదీ ఆ కొట్టే. ఒకే పత్రికలో వార్తా, ధరల ప్రకటనా పక్కపక్కన ఉన్నప్పుడు అనుమానం రావడం సహజం. కానీ వ్యాపారికి ఇంకో భయం కూడా ఉంది. దొంగ స్టాంపులు ఎక్కువైతే కొనేవాడికి నమ్మకం పోతుంది, కొట్టు మూతపడుతుంది. కాబట్టి నకిలీలను బయటపెట్టడం వ్యాపారికి కూడా లాభమే. ఆ రోజుల్లో పరిశోధకుడి ఆసక్తి, వ్యాపారి స్వార్థం ఒకే వైపు లాగిన చోటల్లా మంచి పని జరిగింది. నకిలీల సమస్య ఎంత తొందరగా ముదిరిందంటే, 1862లోనే మోయెన్స్ దాని మీద ఒక చిన్న పుస్తకం వేశారు. 1863లో ఎడ్వర్డ్ పెంబర్టన్, థార్న్‌టన్ లూయిస్ కలిసి ఇంగ్లిషులో ఇంకొకటి తెచ్చారు. ఇద్దరూ 1844లో పుట్టినవాళ్ళే, అంటే అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు! పెంబర్టన్ తర్వాత పేరున్న వ్యాపారి అయ్యారు, ఆ తరంలో ఆయనంత నిశితమైన కన్ను ఇంకొకరికి లేదని నేను అనుకుంటాను. 1878లో ముప్పై నాలుగేళ్ళకే పోయారు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ అట్లాంటిక్ అవతల ఉంది. ఉత్తర అమెరికాలో మొదటి స్టాంపుల పత్రికగా చెప్పే 'స్టాంప్ కలెక్టర్స్ రికార్డ్'ను 1864 ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో మొదలుపెట్టినవాడు ఎస్. అలన్ టేలర్. తర్వాత దాన్ని ఆల్బనీకి మార్చాడు. ఈ టేలరే ఆ కాలపు పేరుమోసిన నకిలీల తయారీదారు. ఉన్న స్టాంపులకు నకళ్ళు వేయడంతో ఆగకుండా, అసలు ఏనాడూ లేని స్టాంపులను కూడా పుట్టించి అమ్మాడు. అలాంటివాడి చేతిలో పత్రిక ఉంటే 'కొత్తగా వచ్చినవి' అన్న శీర్షిక ఎంత ప్రమాదమో ఊహించుకోండి. అప్పట్లో పత్రికలు ఒకదానిలోంచి ఒకటి వార్తలు ఎత్తి రాసుకోవడం మామూలే కాబట్టి ఒకచోట పుట్టిన అబద్ధం మరికొన్ని చోట్ల నిజంలా నిలబడేది. హాంబర్గ్‌లో స్పీరో సోదరులు 1864 నుంచి వందల రకాల నకళ్ళను షీట్లు షీట్లుగా అచ్చు వేశారు, చాలావాటి మీద తపాలా ముద్ర కూడా ముందే అచ్చు వేసి మరీ. వీటికి ఎదురుగా 1871 నుంచి అట్లీ, పెంబర్టన్, ఫాదర్ ఎరీ కలిసి 'స్పడ్ పేపర్స్' అనే వ్యాసాలు ధారావాహికగా రాశారు. నకిలీ బిళ్ళనే తీసుకుని, అసలుదానికీ దీనికీ గీత గీతకూ తేడా చెప్పే వ్యాసాలవి. ఇప్పటికీ పాత నకిలీల మీద పనిచేసేవాళ్ళు వాటిని తిరగేస్తూనే ఉంటారు.

పత్రికల వల్ల ఈ అభిరుచి ఎంత మారిందో చూపడానికి ఒక్క విషయం వివరంగా చెబుతాను, అంచుల చిల్లుల కథ. 1862లో పారిస్‌లో జస్టిన్ లాలియే ఒక అచ్చు ఆల్బమ్ తెచ్చారు. ఒక్కో బిళ్ళకు ఒక్కో గడి. ఆ గడులు చిన్నవి. బిళ్ళ గడిలో పట్టకపోతే సేకరించేవాళ్ళు కత్తెర తీసుకుని అంచులు కత్తిరించేసేవాళ్ళు. చిల్లుల వెంట చింపినప్పుడు అంచున మిగిలే పళ్ళకు ఒక అర్థం ఉందని ఎవరూ అనుకోలేదు. ఈరోజు ఆ కత్తిరించిన బిళ్ళలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అప్పుడు పారిస్‌లో డాక్టర్ లెగ్రాండ్ అనే ఆయన ముందుకొచ్చారు. 'డాక్టర్ మాగ్నస్' అనే పేరుతో రాసేవారు. 1866లో పియెర్ మాయె నడిపే 'ల తెంబ్రోఫిల్' పత్రికలో ఆయన ఒక కొలత ప్రతిపాదించారు. రెండు సెంటీమీటర్ల పొడవులో అంచు మీద ఎన్ని చిల్లులు ఉన్నాయో లెక్కపెట్టాలి, ఆ సంఖ్యే ఆ బిళ్ళ కొలత. అంతే. ఇవాళ ప్రపంచంలో ఏ క్యాటలాగ్ తెరిచినా '14' అనో '12½' అనో కనిపించే అంకె ఈ కొలతే. దీని ప్రయోజనం అర్థం కావాలంటే బ్రిటన్ ఎర్ర పెన్నీ బిళ్ళను చూడండి. 1841లో వచ్చినప్పుడు దానికి చిల్లుల్లేవు, కత్తెరతో విడదీసేవాళ్ళు. 1854లో 16 కొలత చిల్లులతో వచ్చింది. 1855లో దాన్ని 14కి మార్చారు, ఎందుకంటే చిల్లులు మరీ దగ్గరగా ఉండటంతో షీట్లు ముట్టుకుంటే చిరిగిపోయేవి. ఆ ఏడాదే కాగితంలోని వాటర్‌మార్క్ (వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే గుర్తు) కూడా చిన్న కిరీటం నుంచి పెద్ద కిరీటానికి మారింది. 1863 నాటి పత్రికలో ఇవన్నీ కలిపి 'ఎరుపు, ఒక పెన్నీ' అని ఒక్క ముక్కలో పోయేవి, మహా అయితే చిల్లులున్నాయా లేదా అని రాసేవాళ్ళు. లెగ్రాండ్ కొలత వచ్చాక అదే బిళ్ళ నాలుగైదు వేర్వేరు బిళ్ళలై, ఒక్కోదానికి ఒక్కో కాలం, ఒక్కో చరిత్ర ఏర్పడ్డాయి.

ఇంగ్లండ్‌లో దీన్ని అందరూ వెంటనే ఒప్పుకోలేదు. బ్రిటిష్ మ్యూజియమ్‌లో పనిచేసిన శాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే స్టాంపుల మీద తొలి క్యాటలాగుల్లో ఒకటి రాసిన మనిషి. ఆయనకే ఈ చిల్లులు, వాటర్‌మార్కుల పట్టింపు నచ్చలేదు. బొమ్మా, రంగూ, విలువా చాలు, ఇదంతా ఫ్రెంచివాళ్ళ ఛాదస్తం అన్న ధోరణి ఇంగ్లిషు సేకర్తల్లో కొంతకాలం నడిచింది. మీ దగ్గరున్న సంపుటాల్లో 1865 నుంచి 1870 దాకా వరసగా చదివితే ఆ వాదన క్రమంగా సర్దుకోవడం, వర్ణనల్లోకి చిల్లుల ప్రస్తావన మెల్లమెల్లగా వచ్చి చేరడం చూడొచ్చు. ఎవరూ ఓడిపోయినట్టు ప్రకటించలేదు, రాసే పద్ధతి మారిపోయిందంతే. నాకైతే ఆ మొత్తం పన్నెండు సంపుటాల్లో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

పత్రిక తర్వాత ఏమైందంటే, ముందు సోదరుల దారులు వేరయ్యాయి. స్టాఫర్డ్ స్మిత్ బ్రైటన్ వెళ్ళి 1866 డిసెంబరులో 'ది ఫిలాటెలిస్ట్' మొదలుపెట్టారు. వైనర్ సంపాదకుడిగా అటు వెళ్ళారు. (ఈ అభిరుచికి ఇవాళ మనం వాడే 'ఫిలాటెలీ' అనే పేరు కూడా పత్రికలోనే పుట్టింది. 1864 నవంబరులో జార్జెస్ ఎర్పాన్ ఒక పారిస్ పత్రికలో దాన్ని వాడారు. రెండేళ్ళకే ఇంగ్లండ్‌లో ఒక పత్రిక పేరులోకి ఎక్కింది.) ఆల్ఫ్రెడ్ స్మిత్ బాత్‌లోనే ఉండి పాత పత్రికను కొనసాగించారు. అంటే 1867 నుంచి మీరు చదివేది వేరే చేతుల్లో తయారైన పత్రిక. స్వరంలో కొంచెం తేడా కనిపిస్తే కారణం అదే. 1874 సంపుటంతో అది ముగిసింది. బ్రైటన్ పత్రిక కూడా 1876లో ఆగిపోయింది.

ఈలోగా ఇంకో పెద్ద మార్పు వచ్చింది. 1869 ఏప్రిల్ 10న లండన్‌లో ఫిలాటెలిక్ సొసైటీ ఏర్పడింది, సర్ డేనియల్ కూపర్ తొలి అధ్యక్షుడు. పత్రికలో ఉత్తరాల ద్వారా సాగిన చర్చ ఇప్పుడు ఒక బల్ల చుట్టూ కూర్చుని జరగడం మొదలైంది. ఆ చర్చలు అచ్చు కావడానికి మాత్రం ఇంకా పత్రికే కావాలి. 1879లో మొదలైన 'ఫిలాటెలిక్ రికార్డ్' ఆ పని కొన్నేళ్ళు చేసింది. చివరికి 1892 జనవరిలో సొసైటీ సొంతంగా 'ది లండన్ ఫిలాటెలిస్ట్' తెచ్చింది, ఎం.పి. కాజిల్ సంపాదకత్వంలో. అది ఇప్పటికీ వస్తోంది. 1906లో ఆ సొసైటీ పేరుకు ముందు 'రాయల్' చేరింది. ఈ నమూనానే కలకత్తాలో 1897లో ఏర్పడ్డ ఫిలాటెలిక్ సొసైటీ ఆఫ్ ఇండియా కూడా అనుసరించింది. సొసైటీతో పాటు అదే ఏడాది 'ఫిలాటెలిక్ జర్నల్ ఆఫ్ ఇండియా' కూడా మొదలైంది.

వ్యాపారి పత్రిక అంతరించిపోలేదు. 1890లో చార్లెస్ ఫిలిప్స్ స్టాన్లీ గిబ్బన్స్ అనే స్టాంపుల వ్యాపార సంస్థను కొని, ఆ జులైలోనే 'మంత్లీ జర్నల్' మొదలుపెట్టారు. సంపాదకుడు మేజర్ ఎడ్వర్డ్ ఎవాన్స్, మారిషస్ స్టాంపుల మీద అధికారం ఉన్న సైనికాధికారి. చూశారా, 1863లో స్మిత్ సోదరులు చేసిందే ఇది కూడా: డబ్బూ కొట్టూ వ్యాపారివి, కలం మాత్రం వ్యాపారి కాని పండితుడిది. ఆ ఏర్పాటు పనిచేసింది కాబట్టే మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఇవాళ్టి 'గిబ్బన్స్ స్టాంప్ మంత్లీ' ఆ వంశంలోదే.

అమెరికాలో కథ వేరు. అక్కడ 1879 చట్టం పత్రికలకు 'సెకండ్ క్లాస్' తపాలా రేటు ఇచ్చింది. 1885లో దాన్ని పౌండు బరువుకు ఒక్క సెంటుకు తగ్గించారు. చందాదారులున్న పత్రిక అనిపించుకుంటే చాలు, దాదాపు ఉచితంగా దేశమంతా పంపుకోవచ్చు. దాంతో బడి పిల్లలు కూడా చిన్న అచ్చుయంత్రం పెట్టుకుని స్టాంపుల పత్రికలు తెచ్చారు. వాటిలో చాలావరకు నాలుగు పేజీల ప్రకటనలు, రెండు మూడు సంచికలకే మూత. అందుకే 1880, 90ల అమెరికన్ చిన్న పత్రికల్లో వచ్చిన వార్తను నేను ఇంకో ఆధారం లేకుండా తీసుకోను. 1887 నుంచి వస్తున్న 'అమెరికన్ ఫిలాటెలిస్ట్' లాంటి సంఘం పత్రికల సంగతి వేరు, వాటి వెనక జవాబు చెప్పే సంస్థ ఉంది.

ఇక మీ స్కాన్ల గురించి. లైబ్రరీలు, సేకర్తలు నెల సంచికలను ఏడాదికోసారి బైండు చేయించేవాళ్ళు. బైండు చేసేవాడు మొదట చేసే పని రంగు అట్టలూ, ప్రకటనల పేజీలూ తీసేయడం. వ్యాసాలుంటే చాలని అప్పుడు అనుకున్నారు. ఫలితంగా చాలా సంపుటాల్లో ప్రకటనలు లేవు. ఆ పోయిన పేజీల మీద ఏ వ్యాపారి ఏ బిళ్ళను ఎంతకు అమ్మాడో ఉంది. ఒక బిళ్ళ ఎప్పటికి మార్కెట్లోకి వచ్చిందో, ఎప్పుడు అరుదైపోయిందో చెప్పగలిగేవి అవే. అట్టలతో సహా మిగిలిన విడి సంచికలకు అంత గిరాకీ ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. మీ స్కాన్‌లో ప్రకటనలు కనిపించకపోతే పత్రిక ప్రకటనలు వేయలేదని మాత్రం అనుకోకండి. వేరే లైబ్రరీ ప్రతి కూడా ఆన్‌లైన్‌లో ఉందేమో చూడండి. క్రాఫర్డ్ ప్రభువు స్టాంపుల పుస్తకాలన్నీ పోగుచేసి 1913లో బ్రిటిష్ మ్యూజియమ్‌కు రాసిచ్చారు. ఇప్పుడు అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ సేకరణలో పెద్ద భాగం సెయింట్ లూయిస్‌కు చెందిన జాన్ టిఫనీది. స్టాంపుల పుస్తకాల, పత్రికల జాబితా 1874లోనే అచ్చు వేసిన మనిషి ఆయన. క్రాఫర్డ్ సేకరణ కూడా డిజిటైజ్ అయింది, కాబట్టి రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి చూసే వీలు మీకుంది.

వెతికేటప్పుడు ఆనాటి పేర్లు వాడండి. హవాయి అని కొడితే మీకు పెద్దగా దొరకదు, శాండ్‌విచ్ ఐలాండ్స్ అని వెతకాలి. కొలంబియా కోసం న్యూ గ్రెనడా కూడా చూడాలి. ఇటలీ, జర్మనీ చిన్న రాజ్యాలన్నీ వాటి సొంత పేర్లతోనే ఉంటాయి. రంగుల పేర్లను ఇప్పటి క్యాటలాగ్ అర్థంలో తీసుకోకండి, అప్పుడు ఎవరి కంటికి తోచిన పేరు వాళ్ళు రాశారు.

పాఠకులకు జవాబుల శీర్షికలో ఒక ఇబ్బంది ఉంది. జవాబే ఉంటుంది, ప్రశ్న ఉండదు. 'మీరు పంపినది నకిలీ' అని ఒక్క ముక్క కనిపిస్తుంది, ఏ బిళ్ళో కొన్నిసార్లు తెలియదు. అయినా ఆ శీర్షికను వదలకండి. ఒకే రకం జవాబు మూడు నాలుగు నెలలు వరసగా కనిపించిందంటే ఆ రోజుల్లో ఆ నకిలీ విపరీతంగా తిరుగుతోందని అర్థం.

కొత్త స్టాంపుల వార్త ఏదైనా చూసి 'ఫలానా బిళ్ళ ఫలానా నెలలో వచ్చింది' అని మీ నోట్సులో రాసుకునే ముందు మూడు పనులు చేయండి. తర్వాతి ఆరు నెలల సంచికల్లో అదే దేశం పేరు వెతకండి. ముందు రాసింది తప్పని తేలితే వాళ్ళు సాధారణంగా అక్కడ చెబుతారు. అదే కాలపు 'ల తెంబ్ర్ పోస్త్' తెరిచి మోయెన్స్ ఏమన్నారో చూడండి, ఆయన ఒప్పుకోకపోతే ఆగాలి. మూడోది, వార్త వచ్చిన తేదీకీ బిళ్ళ వచ్చిన తేదీకీ మధ్య ఉత్తరం ఓడలో వచ్చిన కాలాన్ని కలుపుకోండి. ఆస్ట్రేలియా వలసల నుంచి అయితే రెండు నెలలు సులభంగా పడుతుంది.

మొదటి సంపుటంతోనే మొదలుపెట్టక్కర్లేదు. 1866, 1867 సంపుటాలు ముందు తీయండి. చిల్లుల కొలత, వైనర్ వెళ్ళిపోవడం, నకిలీల గొడవ అన్నీ ఆ రెండేళ్ళ చుట్టూ ఉన్నాయి. ఆ తర్వాత 1863కి వెళితే తొలి సంచికల్లో వాళ్ళకు ఏం తెలియదో మీకే కనిపిస్తుంది. ఏదైనా పేజీ చదవడానికి ఇబ్బందిగా ఉంటే, సంపుటం, పేజీ సంఖ్యలతో అడగండి, చూసి చెబుతాను.